తొమ్మిది గంటల గీత ఏమైంది?

పొద్దున్నే మోగే ఫోన్ గురించి పాలకులకు బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్లు, ఐటీ, వినియోగదారుల వ్యవహారాల శాఖల మంత్రులకు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులకు నమస్కరించి రాయునది.

అయ్యలారా, అమ్మలారా,

2010 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. వ్యాపార ప్రకటనల కాల్స్, ఎస్సెమ్మెస్‌లు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాకా ఎవరికీ పంపకూడదని నిబంధన పెట్టింది. అప్పటికి మన చేతుల్లో ఉన్నవి చాలావరకు బటన్ల ఫోన్లే. ఆ చిన్న ఫోన్ కూడా మనిషిని వేళ కాని వేళ పిలిచి విసిగించగలదని, పొద్దుటి పూట మీద వ్యాపారికి హక్కు లేదని ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోలేదు, గడియారం చూపించి గీత గీసింది. 2018లో వచ్చిన కొత్త నిబంధనలు ఇంకో అడుగు వేసి, ప్రకటనలు ఏయే వేళల్లో రావచ్చో ఎంచుకునే వీలును వినియోగదారుడికే ఇచ్చాయి.

ఆ గీత ఇప్పుడు ఎక్కడుందని అడగడానికే ఈ లేఖ.

పొద్దున ఆరున్నరకు ఫోన్ తెర మీద ఏముంటుందో మీకు తెలియనిది కాదు. తిండి తెచ్చే యాప్ ఆకలి గురించి కుశలమడుగుతుంది. బట్టల యాప్ ఇవాళే ఆఖరి రోజని తొందరపెడుతుంది, ఆ ఆఖరి రోజు వారానికోసారి వస్తూనే ఉంటుంది. అప్పు యాప్ మీకోసం రెండు లక్షలు సిద్ధంగా ఉన్నాయంటుంది. వార్తల యాప్ ఎవరి పెళ్లో పెటాకులైందని 'బ్రేకింగ్' మోగిస్తుంది. వీడియోల యాప్ మీరు నిన్న ఎక్కడ ఆపారో గుర్తు చేస్తుంది. ఇందులో ఒక్కటీ కాల్ కాదు, ఒక్కటీ ఎస్సెమ్మెస్ కాదు. కాబట్టి 2010 నాటి గీత వీటిలో దేనికీ అడ్డు రాదు.

కారణం ఆ కబురు వచ్చే దారిలో ఉంది. ఎస్సెమ్మెస్ టెలికాం కంపెనీ చేతుల మీదుగా రావాలి. టెలికాం కంపెనీకి లైసెన్సు ఉంది, లైసెన్సుకు షరతులున్నాయి, షరతులు చూడటానికి ట్రాయ్ ఉంది. అందుకే 1909కి ఫిర్యాదు చేస్తే అడిగే నాథుడు ఉంటాడు. 2025లో చేసిన సవరణతో ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర 'పి', 'ఎస్', 'టి', 'జి' అక్షరాలు కూడా వచ్చాయి. ప్రచారమా, సేవా, లావాదేవీయా, ప్రభుత్వమా అన్నది తెరిచి చదవక ముందే తెలిసిపోతుంది. నోటిఫికేషన్ దారి వేరు. అది యాప్ కంపెనీ సర్వర్‌లో పుట్టి, గూగుల్ లేదా ఆపిల్ సర్వర్ల గుండా ఇంటర్నెట్ మీద నేరుగా ఫోన్‌కు చేరుతుంది. టెలికాం కంపెనీకి అది డేటాలో ఓ చిన్న తునక. లోపల ఏముందో దానికి తెలియదు, తెలియకూడదు కూడా. 2016లో జియో వచ్చాక డేటా చౌకై, దేశంలో కబుర్లు చాలావరకు ఎస్సెమ్మెస్ దారి వదిలి ఈ దారి పట్టాయి. ప్రకటనలూ వాటి వెంటే వచ్చాయి. గీత మాత్రం పాత దారి దగ్గరే ఉండిపోయింది.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 28వ సెక్షన్ ప్రకటన సందేశాలకు ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. బాగుంది. కానీ ఇంటర్నెట్ మీద నడిచే ఓటీటీ సేవలు ఆ చట్టం కిందికి రావని, వాటి సంగతి ఐటీ చట్టం చూసుకుంటుందని అప్పటి టెలికాం మంత్రే చెప్పారు. ఐటీ చట్టం 2000 నాటిది. పొద్దున ఆరున్నరకు మోగే ఫోన్‌ను ఊహించి రాసింది కాదు. అలా పౌరుడి పొద్దు ఒక శాఖ గుమ్మానికీ ఇంకో శాఖ గుమ్మానికీ మధ్య వరండాలో నిలబడిపోయింది.

ఇక్కడ మీ సలహాదారులు ఒక మాట అనవచ్చు. లేవగానే ఫోన్ చూడటం వ్యసనం, దాన్ని మానుకోవాల్సింది జనమే, ప్రభుత్వం ఏం చేస్తుంది అని. వారపత్రికలూ యూట్యూబు గురువులూ కూడా ఇదే చెబుతారు. ఫోన్ పడకగదిలో పెట్టుకోకండి, అలారం గడియారం కొనుక్కోండి, లేచి సూర్యనమస్కారాలు చేయండి. ఇవి చెడ్డ సలహాలు కావు. పాటించే వీలున్నవాళ్లు పాటిస్తున్నారు. కానీ పొద్దున్నే ఫోన్ చూసేవాళ్లలో ఎవరు ఎందుకు చూస్తారో ఒకసారి ఆలోచించండి.

ఉప్పాడ తీరంలో పడవ దించబోయే మత్స్యకారుడు తెల్లవారుజామునే ఫోన్ చూస్తాడు. అలలు ఎంత ఎత్తున ఉంటాయో, చేపలు ఎటువైపు ఉండవచ్చో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది. చూడకుండా వెళ్లడం ప్రాణం మీదికి రావచ్చు. మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతు మార్కెట్ ధర కోసం చూస్తాడు. ఇవాళ కోయాలా, రేపటికి ఆపాలా అన్నది ఆ అంకె మీద ఉంటుంది. వానాకాలంలో కలెక్టరు బడులకు సెలవిచ్చారో లేదోనని తల్లులు చూస్తారు. కొడుకో కూతురో డాలస్‌లో ఉన్న తల్లిదండ్రులకైతే ఇక్కడి పొద్దే కబుర్ల వేళ. అక్కడి వేసవి సమయం ప్రకారం ఇక్కడ ఏడైతే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు పనులు ముగించుకుని నాలుగు మాటలు పంపేది అప్పుడే. ఈ తల్లిదండ్రులతో లేవగానే ఫోన్ ముట్టుకోవద్దని చెప్పేదెవరు?

వీళ్లందరూ ఒక్క కబురు కోసం తెర వెలిగిస్తారు. తెర మీద ఇరవై ఉంటాయి. అసలు చిక్కు ఇదే. అవసరమైన కబురూ అక్కర్లేని కబురూ ఒకే గంట మోగిస్తున్నాయి. ఇంటికి ఒకటే కాలింగ్ బెల్ ఉండి, టెలిగ్రాం తెచ్చినవాడూ దోమతెరలు అమ్మేవాడూ అదే నొక్కుతుంటే, ప్రతిసారీ లేచి తలుపు తీయక తప్పదు కదా. తలుపు తీసినవాడికి మనోనిగ్రహం లేదని ఎవరూ అనరు. అమ్మకందారుకు తెలిసింది కూడా అదే. మనం తల్లి కోసమో బిడ్డ కోసమో తలుపు తీస్తామని తెలిసే ఆ వేళకు వచ్చి నిలబడతాడు.

ఈ రెండు రకాల గంటలనూ వేరు చేయడం సాంకేతికంగా కష్టమా అంటే, ఎప్పుడో చేశారు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 'నోటిఫికేషన్ చానళ్లు' తెచ్చింది. ఒక యాప్ తన కబుర్లను రకాలవారీగా విడదీయవచ్చు. ఆర్డరు వివరాలు ఒక చానల్, ఆఫర్లు ఇంకో చానల్. ఆఫర్ల చానల్ మూసేసినా ఆర్డరు కబురు వస్తుంది. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక, కొత్తగా వేసుకున్న యాప్ నోటిఫికేషన్ పంపాలంటే ముందు అడగాలి. ఆపిల్ తన యాప్ స్టోర్ నియమాల్లో 2020 నుంచి ఒక మాట రాసుకుంది: వాడేవాళ్లు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప నోటిఫికేషన్లను ప్రచారానికి వాడకూడదని, వద్దనుకుంటే యాప్‌లోనే ఆపుకునే వీలుండాలని.

తలుపు ఉంది, గడియ కూడా ఉంది. వేయనివ్వడం లేదు. ఎన్నో యాప్‌లు ఆర్డరు కబురునూ ఆఫరు కబురునూ కావాలనే ఒకే చానల్‌లో కలిపేస్తాయి. ఆఫర్లు ఆపాలంటే గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో చెప్పే కబురూ పోతుంది. బ్యాంకు యాప్‌లో ఖాతా నుంచి డబ్బు పోయిందని చెప్పే గంటా, క్రెడిట్ కార్డు తీసుకోమని వేధించే గంటా ఒకటే అయితే, దేన్ని మూస్తాం? మోసం జరిగితే తెలియదేమోనన్న భయంతో రెంటినీ తెరిచే ఉంచుతాం. దీనికి కంపెనీలు పెట్టిన పేరు 'యూజర్ కన్సెంట్'. మెడ మీద కత్తి పెట్టి తీసుకున్న సంతకానికి కోర్టులో విలువ ఉండదు. ఇక్కడ మాత్రం ఉంటోంది.

ఈ వేధింపుకు మీ దగ్గరే పేరు ఉంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చి, పదమూడు రకాల మాయలను పట్టిక వేసింది. అందులో ఒకటి 'న్యాగింగ్'. వ్యాపార లాభం కోసం పదేపదే అడ్డు తగులుతూ, అభ్యర్థనలతో, సమాచారంతో విసిగించడం. పొద్దుటి నోటిఫికేషన్‌కు ఇంతకంటే సరైన వర్ణన నేను రాయలేను. అదే ఏడాది తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఇంకో మంచి సూత్రం ఉంది: సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిక కావాలి. యాప్ పెట్టిన రోజు 'అలౌ' అని ఒక్కసారి నొక్కితే చాలు. ఆపడానికి సెట్టింగుల్లో ఆరు గదులు దాటాలి. సూత్రం మీది, దాన్ని అమలు చేయించాల్సిందీ మీరే.

అప్పుల సంగతి విడిగా చెప్పాలి. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, బాకీ వసూలు కోసం పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత అప్పు తీసుకున్నవారికి ఫోన్ చేయకూడదని బ్యాంకులకు, ఫైనాన్స్ సంస్థలకు చెప్పింది. తెలుగు నేల మీద అప్పు యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీసిన రోజులు మనమెవరం మరిచిపోలేదు కాబట్టి ఆ ఆదేశం విలువ మనకు బాగా తెలుసు. ఇప్పుడు ఏజెంటు ఎనిమిది దాకా ఆగుతాడు. యాప్ ఎందుకు ఆగాలి? వాయిదా గడువు దాటిందని, స్కోరు పడిపోతుందని ఆరింటికే తెర మీద ఎర్రక్షరాలు. మనిషి చేస్తే తప్పయిన పని యంత్రం చేస్తే ఒప్పు ఎలా అవుతుందో రిజర్వు బ్యాంకును అడిగి చెప్పండి.

ఇంతవరకూ వ్యాపారుల గురించి చెప్పాను. ముఖ్యమంత్రులారా, ఇక మీ దగ్గరికి వస్తాను. తెలుగు రాష్ట్రాల్లో లక్షల మందిని పొద్దున్నే లేపుతున్న వాటిలో ప్రభుత్వ వాట్సాప్ గ్రూపులూ ఉన్నాయి.

టీచర్‌ను అడగండి, అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి, ఆశా వర్కరును, పంచాయతీ కార్యదర్శిని, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటును అడగండి. లేవగానే మొదట చూసేది ఏమిటంటే గ్రూపు అనే చెబుతారు. జిల్లా గ్రూపు, డివిజన్ గ్రూపు, మండలం గ్రూపు, క్లస్టర్ గ్రూపు. ఒకే ఆదేశం పైనుంచి మెట్టు మెట్టు దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా ఒక 'అర్జెంట్' తగిలించుకుంటుంది. కింది మెట్టుకు చేరేసరికి 'మోస్ట్ అర్జెంట్, ఎనిమిదిలోపు పంపాలి' అవుతుంది. అడిగే సమాచారం చాలాసార్లు అప్పటికే ఏదో ఒక యాప్‌లో ఎక్కించి ఉంటుంది. అంగన్‌వాడీల యాప్ పోషణ్ ట్రాకర్‌లో ఉన్న లెక్కనే ఎక్సెల్‌లో పెట్టి మళ్లీ పంపమంటారు. చూడలేదు అనడానికి వీల్లేదు, నీలి టిక్కులు సాక్ష్యం చెబుతాయి. పంపనివాళ్ల పేర్ల జాబితా అందరూ చూసేలా అదే గ్రూపులో పెడతారు.

అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే. టీచర్లలోనూ ఆడవాళ్లు తక్కువేం కాదు. ఆ వేళకు ఇంట్లో పొయ్యి వెలిగించాలి, పిల్లలకు జడలు వేయాలి, డబ్బాలు సర్దాలి, పెద్దవాళ్లకు మందులివ్వాలి. జీతం లేని ఈ పనుల మధ్యలో జీతం మొదలుకాని ఆఫీసు పని వచ్చి కూర్చుంటుంది. వేళ్లకు పిండి అంటుకుని ఉండగానే 'నోటెడ్ సర్' అని టైపు చేసే చేతులు ఎన్ని వేలున్నాయో మీ సర్వేల్లో లేదు.

కొన్ని ఉద్యోగాలు తెల్లవారుతూనే మొదలవుతాయని నాకు తెలుసు. పంచాయతీ కార్యదర్శి పారిశుద్ధ్యం పని పొద్దున్నే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పింఛన్లు ఇంటింటికీ ఇచ్చే సచివాలయ సిబ్బంది కోడి కూతతోనే బయల్దేరతారు. ఉపాధి పనికి పొద్దుట ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఫొటో ఎక్కించాలి. అలాంటి చోట పొద్దున పంపే కబురు పనిలో భాగమే. అయితే ఆ పొద్దును పనిగంటల్లో లెక్కకట్టండి. ఆరింటికి మొదలుపెట్టినవాళ్లను సాయంత్రం ఏడింటికి వీడియో కాన్ఫరెన్సులో కూర్చోబెట్టకండి. నేను అడుగుతున్నది అందరికీ ఒకే గడియారం పెట్టమని కాదు. ఎవరి పనిగంటలు వాళ్లకు తెలిసేలా రాసిపెట్టి, ఆ గంటలకు బయట ఫోన్ చూడనందుకు శిక్ష ఉండకూడదని.

వాట్సాప్‌ను ఎలా వాడవచ్చో ప్రభుత్వానికి తెలియక కాదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ 161 సేవలతో 'మన మిత్ర' మొదలుపెట్టింది. ఏ ధ్రువపత్రం కావాలో మనం అడిగితే అది పలుకుతుంది, మన వీలు చూసుకుని మనం అడుగుతాం. పౌరుడికి చూపించిన ఆ మర్యాద ఉద్యోగికి ఎందుకు లేదు?

పనివేళల బయట ఫోన్ చూడకుండా ఉండే హక్కును ఇతర దేశాలు ఇచ్చాయి, వాటి వ్యాపారాలేం మూతపడలేదు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, యాభై మందీ అంతకు మించీ పనిచేసే సంస్థలు పనివేళల తర్వాత ఫోన్, మెయిల్ సంగతి ఏమిటన్నది కార్మికులతో మాట్లాడి తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న చట్టం అమల్లోకి వచ్చింది. పనివేళలు దాటాక యజమాని పంపిన కబురు చూడకుండా, చదవకుండా, జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి ఉంది. నిరాకరించడం అసమంజసమైన సందర్భాలకు మాత్రం మినహాయింపు ఉంది. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి బిల్లును 2018 చివర్లో పెట్టారు, 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. అది ప్రైవేటు సభ్యురాలి బిల్లు. 1970 తర్వాత మన దేశంలో ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. అంటే ఈ పని ప్రభుత్వమే తలకెత్తుకోవాలి.

'మరి తుపానొస్తేనో, వరదొస్తేనో? పొద్దున్నే జనాన్ని లేపవద్దా?' అని అడుగుతారు. లేపాలి, గట్టిగా లేపాలి. దానికి వేరే గంట ఇప్పటికే మీ దగ్గర ఉంది. 2023లో దేశమంతటా పరీక్షించినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా వింత శబ్దంతో మోగి అందరూ ఉలిక్కిపడ్డారు, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవరు నుంచి ఆ ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ నేరుగా వెళ్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, దాని మోత ఇంకే మోతలోనూ కలవదు. ప్రాణాపాయానికి విడి గంట ఉండాలన్న ఆలోచన అక్కడ పనికొచ్చినప్పుడు మిగతా కబుర్లకు ఎందుకు పనికిరాదు? రోజంతా ఉత్తుత్తి గంటలు విని విని చెవులు మొద్దుబారిన జనం, నిజమైన గంట మోగిన రోజున కూడా అలవాటుగా పక్కకు తోసేస్తే ఆ నష్టం ప్రభుత్వానిదే.

కాబట్టి అడిగేవి ఇవి.

ఒకటి. ప్రచార నోటిఫికేషన్లకూ, వాట్సాప్ వంటి వాటిలో వచ్చే వ్యాపార సందేశాలకూ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాకా నిషేధం పెట్టండి. కావాలనుకున్నవాళ్లు తమంతట తామే వేళలు మార్చుకోవచ్చు. కమ్యూనికేషన్లు, ఐటీ, వినియోగదారుల వ్యవహారాల శాఖలు కలిసి కూర్చుని ఇది ఎవరి బాధ్యతో ముందు తేల్చండి.

రెండు. లావాదేవీల కబుర్లనూ ప్రచారాన్నీ వేరు వేరు చానళ్లలో పెట్టడం యాప్‌లకు తప్పనిసరి చేయండి. ప్రచారం చానల్ మూసే పుట్టాలి, మనం తెరిస్తేనే తెరుచుకోవాలి. ఎస్సెమ్మెస్‌కు పెట్టిన అక్షరాల గుర్తు లాంటిదే నోటిఫికేషన్‌కూ పెట్టండి. రెంటినీ కలిపి పంపడాన్ని 'న్యాగింగ్' కింద లెక్కగట్టి జరిమానా వేయండి.

మూడు. వసూలు కాల్స్‌కు రిజర్వు బ్యాంకు పెట్టిన వేళలు వసూలు నోటిఫికేషన్లకూ సందేశాలకూ వర్తిస్తాయని స్పష్టంగా రాయించండి.

నాలుగు. వానల సెలవు ప్రకటన వీలైనంతవరకూ ముందురోజు రాత్రి పడుకునేలోపు వచ్చేలా చూడండి. తెల్లారాక చెప్పాల్సి వస్తే, పుకార్లూ ఫార్వర్డులూ తవ్వుకోనవసరం లేకుండా బడి నుంచి తల్లిదండ్రులకు ఒక్క ఎస్సెమ్మెస్ రావాలి.

ఐదు. ఇది ముఖ్యమంత్రులకు. పనిగంటల బయట గ్రూపులో పెట్టిన ఆదేశం ఆ తర్వాతి పనిగంటలు మొదలయ్యాకే అందినట్టు లెక్క. విపత్తు, ఎన్నికలు, శాంతిభద్రతలు, అత్యవసర వైద్యం మినహాయింపులు. చూడలేదని మెమో ఇవ్వకూడదు, పేర్ల జాబితా పెట్టకూడదు. ఒక యాప్‌లో ఎక్కించిన లెక్కను ఇంకోసారి అడిగే అధికారి ఎందుకు అడుగుతున్నారో రాసివ్వాలి.

మొదటి మూడింటికీ సమయం పడుతుందని తెలుసు. ముసాయిదా రాయాలి, అభిప్రాయాలు సేకరించాలి, కంపెనీల లాయర్లు వస్తారు, కోర్టులకు వెళ్తారు. ఐదోదానికి ఇవేమీ అక్కర్లేదు. పార్లమెంటు అక్కర్లేదు, అసెంబ్లీ కూడా అక్కర్లేదు. ప్రధాన కార్యదర్శి సంతకంతో ఒక పేజీ జీవో చాలు. ప్రభుత్వం తన ఉద్యోగుల పొద్దును తాను గౌరవించిన రోజున, వ్యాపారులను గౌరవించమని అడిగే నోరు దానికి వస్తుంది. ముందు ఆ జీవో ఇవ్వండి. దాన్ని మాత్రం ఏ గ్రూపులోనూ 'అర్జెంట్' అని పెట్టకుండా, పనివేళల్లో, ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి.

ఇట్లు,
నోటిఫికేషన్లు అన్నీ ఆపేసుకునే వీలు లేని
ఒక పౌరురాలు